పురుగులింట్లో ఇంటర్వ్యూ

ఇంగ్లీషు బాగా వస్తే చాలు, ఇంటర్‌ప్రెటర్ పని చేసేయవచ్చని నమ్మే పిల్లలు మా బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో ఇప్పటికీ ఉన్నారు. అప్పుడప్పుడు ఎవరో ఒకరు మా ఇంటి మెట్లెక్కి, "ఆంటీ, ఆ పనిలో ఎలా చేరాలి?" అని అడుగుతారు. కాఫీ ఇచ్చి నేనొక ప్రశ్న వేస్తాను. గదిలో ముగ్గురున్నారు. అందులో ఒకరు నీ వైపు తిరిగి, "ఇది మాత్రం ఆవిడకు చెప్పకు" అన్నారు. అప్పుడేం చేస్తావు? పిల్లలు టక్కున "చెప్పను" అంటారు. మంచి పిల్లలు కాబట్టి అలా అంటారు. వాళ్ల కోసమే ఈ సంగతి రాస్తున్నాను.

నేను గనుల ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరుగా చేరాను. గనులు మూతపడ్డాక ఇంటి దగ్గర ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పుకుంటూ, ఊరికొచ్చే విదేశీయులకు ఇంటర్‌ప్రెటర్‌నయ్యాను. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ప్రభుత్వ కచేరీలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు. ఈ ఊళ్లో పుట్టినవాళ్లకు ఇదేమంత గొప్ప కాదు, అందరికీ వచ్చు. నాకున్న అసలు అర్హత ఊళ్లోవాళ్ల సంగతులన్నీ తెలుసుకోవాలన్న దురద. మా అమ్మ దాన్ని రోగమనేది. ఆపరేటరుగా ఉన్నంతకాలం ఆ రోగాన్ని దాచుకోవలసి వచ్చింది. ఇంటర్‌ప్రెటర్‌నయ్యాక దానికే జీతమిచ్చారు.

మా ఊరికి వచ్చే విదేశీయులంతా ఒకే పాఠం చదువుకుని వచ్చినట్టుంటారు. గని మట్టి పోసిన తెల్ల దిబ్బలెక్కి ఒక ఫోటో, మూసేసిన గని షాఫ్టు ముందర ఒక ఫోటో, పాత కార్మికుడి ముఖం మీది ముడతలది ఇంకో ఫోటో. "బంగారం పోయాక మీకెలా అనిపిస్తోంది?" అని అడుగుతారు. ఆ ప్రశ్నను నేను ఎన్నిసార్లు తెలుగులోకీ తమిళంలోకీ మార్చానంటే, జవాబులు కూడా నాకు కంఠతా వచ్చేశాయి. ఇక చాల్లే, మానేద్దాం అనుకుంటున్న రోజుల్లో ఈ జర్నలిస్టు వచ్చింది.

నా వయసుదే. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, ప్యాంటు నిండా జేబులు. మేం కలుసుకున్న హోటల్లోకి ఆమె కంటే ముందు ఆమె పూసుకున్న దోమల మందు వాసన వచ్చింది. హోటల్లో అన్ని కుర్చీలు ఖాళీగా ఉండగా వెతికి వెతికి గోడకు ఆనుకుని, గుమ్మం కనబడేలా కూర్చుంది. దిబ్బల మాట ఎత్తలేదు. గని మాట అసలే ఎత్తలేదు. "నేను యుద్ధం జరిగే చోట పనిచేస్తాను. అక్కడ మీ జిల్లా అబ్బాయిని ఒకణ్ణి చూశాను" అంది.

ఆ దేశం పేరు రాయను. మంచు కురిసే దేశం. గోడౌనులో ఉద్యోగమని ఏజెంటు చెబితే వెళ్లిన అబ్బాయిని అక్కడ సైన్యంలో చేర్చేశారు. ఏం రాసుందో చదవలేని కాగితం మీద సంతకం పెట్టాడు, అంతే. ఆమె అతణ్ణి ఒక ఆసుపత్రిలో, వార్డు చివరి మంచం మీద చూసింది. కుడిచెయ్యి భుజం దాకా కట్టు. అతనికి డ్రైవర్లు మాట్లాడే పాటి ఇంగ్లీషు వచ్చు. క్యాసంబళ్ళి దగ్గర తన పల్లె పేరు, తండ్రి ఫోను నంబరు చెప్పాడు. బతికున్నానని నాన్నకు చెప్పమన్నాడు, అమ్మకు మాత్రం చెప్పొద్దన్నాడు. అంతలో కాపలావాళ్లు వచ్చి ఆమెను బయటికి పంపేశారు. మళ్లీ వెళ్లేసరికి ఆ ఆసుపత్రినే ఖాళీ చేశారు. ఇది జరిగి రెండు నెలలైంది.

ఇదంతా విని, ఎవరైనా ఆ అబ్బాయి గురించే అడుగుతారు. నేను అడగలేదని కాదు, అడిగాను. కానీ నిజం చెబుతున్నాను, ఆమెకు అక్కడ ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసే మనిషి గురించి ఎక్కువ అడిగాను. క్యాసంబళ్ళి దాకా కారులో ఆమెను వదిలిపెట్టలేదు. ఆ ఊరి మనిషేనా? ఆడమనిషా? యుద్ధానికి ముందు ఏం పని చేసేది? చిన్నపిల్లలకు పియానో నేర్పేదట. సైనికుడు కేకలేస్తే ఆమె కూడా కేకేసి చెబుతుందా? లేదు, కేకల్ని కూడా నెమ్మదిగానే చెబుతుందట. నేనూ అంతే కదా అని లోలోపల మురిసిపోయాను. తన సొంత ఊరు కాలిపోయిందని ఎవరో చెబితే, అది కూడా తన నోటితోనే ఇంగ్లీషులో చెప్పిందట, మధ్యలో ఆగకుండా. అప్పుడు నా మురిపెం తగ్గింది. నేను పాత గని కబుర్లు మార్చి జీతం తీసుకున్నదాన్ని.

ముందురోజే నేను ఆ తండ్రికి ఫోను చేశాను. ఇంటికి రావద్దన్నాడు. మెయిన్ రోడ్డు మీద, పల్లెకు దారి చీలే క్రాసు దగ్గర టీ అంగడి ముందర నిలబడి ఉన్నాడు. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని, నలిగిన ముఖంతో ఉన్నాడు. ఆయన మాకు టీ చెప్పనుకూడా చెప్పలేదు, మా పల్లెల్లో అది మామూలు విషయం కాదు.

"అమ్మా, నీకు దండం పెడతా. మా ఆడమనిషికి ఈ సంగతి తెలీదు" అన్నాడు నాతో. "మావోడు ఒగతూరి నాకు ఫోను చేసి ఏడ్సినాడు. ఆయమ్మకు చెప్పలేదు నేను. గోడౌన్‌లో నెట్‌వర్క్ లేదని చెప్పినా. పురుగులు నాలుగో జ్వరం లేచినాయి. ఇంగ నాలుగు దినాలు మేపు. ఇప్పుడు చెప్తే ఆయమ్మ పడకేస్తాది. పురుగులు అంతా సచ్చిపోతాయి. గూడు కట్టినాంక నేనే చెప్తా."

పట్టుపురుగులు గూడు కట్టే ముందు నాలుగుసార్లు మేత మానేసి, కదలకుండా ఉండి, పాత చర్మం వదులుతాయి. దాన్ని మావాళ్లు జ్వరమంటారు. నాలుగో జ్వరం లేచాక వాటి ఆకలికి అంతుండదు. ఆ వారం ఇంట్లో మనుషులకు వంట ఆలస్యమైనా పురుగులకు ఆకు ఆలస్యం కాకూడదు. ఇదంతా నేను జర్నలిస్టుకు చెప్పాను. ఆమె తలూపింది. అబ్బాయి కోరిందీ అదే కదా, తండ్రితో మాట్లాడి వెళ్లిపోదాం అంది. నేనూ సరేనన్నాను. అది ముగ్గురం కలిసి వేసుకున్న పథకం, బాగానే ఉందనిపించింది.

కానీ తెల్లటి విదేశీ మనిషి క్రాసులో నిలబడితే పల్లెలోకి కబురు చేరడానికి ఎంతసేపు? తండ్రి ఫోను మోగింది. అటువైపు భార్య గొంతు మాకూ వినబడుతోంది.

"యాడ ఉండావు? ఎవురో దొరసానితో నిలబడి మాట్లాడతా ఉండావంట?"

ఆయన కంగారుపడి నోటికొచ్చింది అనేశాడు. "అదీ... రేష్మె పురుగులు చూసేదానికి వచ్చినారు. ఫారిన్‌లో ఇయ్యి ఉండవంట."

"అట్లయితే రోడ్డులో నిలబెట్టుకోని ఉండావేమి? ఇంటికి పిల్చుకోని రా."

అలా మేం పట్టుపురుగులు చూడ్డానికి వచ్చినవాళ్లమయ్యాం.

తల్లి ఇంటి ముందర నిలబడి ఉంది. సన్నటి మనిషి, కొంగు నడుముకు దోపుకుని ఉంది. నవ్వుతూ నాలుగడుగులు ఎదురొచ్చి, ఠక్కున ఆగిపోయింది. ముక్కు చిట్లించింది.

"ఏం పూసుకోనుండాది అక్కా ఈయమ్మ?"

"దోమల మందు."

"దోమ సచ్చే మందు నా పురుగులకు పాయసమా? గడప దాటనీను. నీళ్లు పోసుకోమను, నా బట్టలిస్తా." అంతలో నా వైపు చూసింది. "నువ్వు కూడా. పౌడరు ఘుమఘుమలాడతా ఉండావు, పెండ్లికి వచ్చినట్టు."

ఇన్నేళ్ల అనుభవం ఉన్నదాన్ని, పురుగులింటికి మందు వాసనతో పోకూడదని నాకు తెలిసి ఉండాలి. గని పిల్లను, పల్లె మర్యాదలు నాకేం తెలుసు. జర్నలిస్టుకు విషయం చెప్పాను. యుద్ధంలో తూటా దిగని చొక్కా వేసుకుని తిరిగిన మనిషి, దొడ్లో తడిక వెనక చన్నీళ్లు పోసుకుంటూ పకపకా నవ్వింది. ఆమెకు తల్లి నైటీ ఇచ్చింది, నాకు ఉతికిన నూలు చీర. వాసన పట్టిన సంచి, అందులోని రికార్డరు, కెమెరా, ఫోను అన్నీ అరుగు మీదే ఉండిపోయాయి. జర్నలిస్టు వాటివైపు ఒకసారి దిగులుగా చూసింది. "మనం పురుగులు చూడ్డానికే కదా వచ్చాం" అన్నాను.

గడప దగ్గర సున్నంలో కాళ్లు అద్దుకుని లోపలికి వెళ్లాం. పొడవాటి గది. వరసగా అంతస్తుల తట్టలు, వాటి మీద మల్బరీ కొమ్మలు, కొమ్మల మీద వేళ్లంత లావు తెల్లటి పురుగులు. జర్నలిస్టు పథకం మరిచిపోయింది. వీటికి కళ్లుంటాయా, నిద్రపోతాయా, మనుషుల్ని గుర్తుపడతాయా అని అడుగుతూనే ఉంది. తల్లి కొమ్మలు పరుస్తూనే అన్నిటికీ జవాబు చెప్పింది. నేను ఇటు మాట అటు, అటు మాట ఇటు అందిస్తూ హాయిగా ఉన్నాను. నాకు కూడా అవేవీ తెలియవు మరి. తండ్రి మాత్రం గుమ్మం బయట నిలబడి మమ్మల్నే చూస్తున్నాడు.

జర్నలిస్టు తనూ ఒక కొమ్మ తీసుకుని తట్ట మీద వేసింది.

"మెల్లిగ, మెల్లిగ" అంది తల్లి. "ఎత్తి పడేస్తే దెబ్బ తగల్తాది. మావోడూ ఇట్లే పడేస్తాడు. ఎన్నితూర్లు చెప్పినా వినడు." తర్వాత, కొమ్మ సర్దుతూనే, మామూలుగా అంది. "వాడు కూడా ఫారిన్‌లోనే ఉండాడక్కా. గోడౌన్‌లో పని. ఫోను చేసి ఎన్నో దినాలాయ. నెట్‌వర్క్ లేదంటాడు ఈయప్ప. ఈయమ్మను అడుగు, అక్కడ అట్లుంటాదా అని."

అడగమంది కదా, అడిగాను. ఒక్క మాట తగ్గించకుండా ఇంగ్లీషులో చెప్పాను.

జర్నలిస్టు చేతులు ఆగిపోయాయి. ఆమె తల్లి వైపు చూడలేక నా వైపు తిరిగింది. "ఈమె ముఖం చూస్తూ నేను అబద్ధం చెప్పలేను. ఆ అబ్బాయి గోడౌనులో లేడు, యుద్ధంలో ఉన్నాడు. చేతికి కట్టుతో ఆసుపత్రిలో చూశాను, ఇప్పుడు బతికున్నాడో లేదో కూడా తెలియదు. అతనికి మాట ఇచ్చాను. దయచేసి ఇది ఆమెకు చెప్పకు" అంది.

"ఏమంటా ఉండాది?" అంది తల్లి.

గుమ్మంలో తండ్రి రెండు చేతులూ జోడించి, వద్దు వద్దని తలాడిస్తున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాకపోయినా సంగతి అర్థమైపోయింది. నెట్‌వర్క్ అక్కడ అలాగే ఉంటుందట అని నేను అనవచ్చు. ఎవరూ పట్టుకోలేరు. ఈమెకు ఇంగ్లీషు రాదు, ఆమెకు తెలుగు రాదు. ఆ ఇద్దరి మధ్య నేను ఏం చెబితే అదే నిజం. ఆ పెత్తనం చూసి నాకు భయమేసింది. తన కొడుకు సంగతి తన ఇంట్లో, తన చీర కట్టుకున్న నాకు తెలుసు, ఆమెకు తెలియదు. పురుగుల కోసమో, ఆమె మంచి కోసమో, ఎవరి మాట కోసమో ఆమెకు చెప్పకుండా ఉండటానికి నేనెవర్ని? క్రాసులో నేను సరేనన్నది నిజమే. కానీ అక్కడ ఆమె లేదు. ఇక్కడ ఆమె నన్ను అడిగింది.

"నేను చెప్పాల్సిందే" అని ముందు జర్నలిస్టుతో అన్నాను. ఆ తర్వాత తెలుగులో, తొందరపడకుండా, ఆమె అన్నది మొత్తం చెప్పాను. చెప్పకు అన్నదాంతో సహా చెప్పాను.

తల్లి చేతిలో కొమ్మల కట్ట ఉంది. ఆ తట్టకు సగమే ఆకు పడింది. మిగతా సగం కూడా పరిచింది. తర్వాత చేతులు కొంగుకు తుడుచుకుని, నన్ను కాదు, జర్నలిస్టును చూసి అడిగింది.

"యా చెయ్యి?"

"కుడిది."

"నొప్పితో అరస్తా ఉండెనా?"

"లేదు. సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు."

"చెయ్యి కట్టుంటే తిండి ఎట్ల తింటా ఉండాడు?"

జర్నలిస్టు అది కూడా చెప్పింది. మంచం పక్కన సూపు గిన్నె చల్లారిపోయి ఉందట. ఎడంచేత్తో స్పూను పట్టుకోవడం అతనికి చేతకాలేదు. ఆమె ఇంటర్‌ప్రెటర్, ఆ పియానో టీచరు, అక్కడ మార్చవలసిన మాటలేమీ లేక ఊరికే కూర్చుని ఉంది కదా, గిన్నె తీసుకుని తనే తినిపించిందట. గిన్నె ఖాళీ అయ్యేదాకా కాపలావాళ్లు పిలుస్తున్నా లేవలేదట.

తల్లి అప్పుడు ఏడ్చింది. గట్టిగా కాదు, ఊపిరి పట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని ఏడ్చింది, కన్నీళ్లు ఆకు మీద పడతాయని. నా కన్నీళ్లు కూడా ఆగలేదు. పనిలో ఉన్నప్పుడు ఏడవకూడదని నేను పిల్లలకు చెబుతాను, ఆ రోజు నాకే చేతకాలేదు.

తండ్రి లోపలికి వచ్చి గోడ పక్కన కూలబడ్డాడు. ఆమె ఆయన వైపు తిరిగింది.

"పురుగులు సస్తాయని నా బిడ్డ సంగతి నాకు చెప్పలేదా?"

"నువ్వు పడకేస్తావని..."

"నేను పడకేస్తే ఇయ్యి సస్తాయి, నాకు తెలీదా? పడకెయ్యను. కానీ నాకు చెప్పల్ల. నువ్వు ఒక్కడివే ఇన్ని దినాలు మోసుకోని తిరిగినావే, నీకు నేను ఏమౌతాను?"

నేను ఇది కూడా మార్చి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తుంటే, "చెప్పక్కా, ఆయమ్మ కూడా విననీ" అంది తల్లి. చెప్పాను.

ఇక అసలు విషయానికి వచ్చాం. జర్నలిస్టు అతని పేరు, ఫోటో పత్రికలో వేయాలనుకుంటోంది. తండ్రి భయపడ్డాడు. పత్రికలకెక్కితే యుద్ధంలో ముందు వరసకు పంపుతారని ఏజెంటు బెదిరించాడట. తల్లి నేరుగా అడిగింది. పేరు రాస్తే మంచిదా, చెడ్డదా?

జర్నలిస్టు తనకు తెలియదంది. పేరు బయటపడ్డాక వెనక్కి పంపినవాళ్లూ ఉన్నారు, శిక్ష పడినవాళ్లూ ఉన్నారు, మీరు వద్దంటే రాయను అంది. నేను ఎంతోమంది జర్నలిస్టులతో పనిచేశాను. తనకు తెలియదని ఒప్పుకున్న మొదటి మనిషి ఆమె.

తల్లి తట్టల మధ్య కొంతసేపు అటూ ఇటూ నడిచింది. మాకందరికీ వీపు చూపించి నిలబడింది. తర్వాత అంది.

"రాయమను. పేరు లేనోణ్ణి ఎవురెతుకుతారు? వాడి పేరు, వాళ్ల నాయన పేరు, నా పేరు, ఊరి పేరు, అంతా రాయమను."

ఆ తర్వాత అరుగు మీద కూర్చుని, తడి జుట్లతో, జర్నలిస్టు రాసుకుంటుంటే నేను గుర్తు చేస్తూ పోయాను. ఆమె చాలావరకు మరిచిపోలేదు. లోపల తల్లి తర్వాతి వరసకు ఆకు వేస్తోంది. ఈసారి తండ్రి కూడా కొమ్మలు అందిస్తున్నాడు. ఆ పంట చెడలేదని తర్వాత విన్నాను.

పేర్లన్నీ ఆ పత్రికలో వచ్చాయి. ఆ తల్లి రాయమన్నది ఆ పత్రికలో కాబట్టి ఇక్కడ నేను రాయడం లేదు. వార్త వచ్చాక చాలా రోజులు ఏమీ జరగలేదు. ఆ తల్లి ఫోను చేస్తే ఎత్తడానికి నాకు భయంగా ఉండేది. నేను ఆ రోజు నోరు తెరవకపోయుంటే పేరు బయటికి వచ్చేది కాదు. పేరు వల్ల అతనికి ఏదైనా అయితే అందులో నా పాలు కూడా ఉంటుంది. నిద్ర పట్టేది కాదు. ఆమె మాత్రం నన్ను ఒక్క మాటా అనలేదు, "ఏమన్నా తెలిసినాదా అక్కా?" అని అడిగి పెట్టేసేది.

చివరికి జర్నలిస్టు నుంచి కబురొచ్చింది. అక్కడి ఇంటర్‌ప్రెటర్ ఆ పేరు పట్టుకుని ఒక్కో ఆసుపత్రీ తిరిగి అతణ్ణి కనిపెట్టింది. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు కాబట్టి, అతణ్ణి చూసి బయటికి వచ్చాక తనే మాట్లాడుతుందట. నేను ఆ పల్లెకు పరిగెత్తాను. అరుగు మీద ఫోను పెట్టుకుని తల్లి, తండ్రి, నేను కూర్చున్నాం. మధ్యాహ్నం కాల్ వచ్చింది.

ఆమె గొంతు నేను ఊహించినట్టే నెమ్మదిగా ఉంది. నాలాగే మరొకరి మాటలు మోసి బతికే మనిషి. ఆమె ఇంగ్లీషు ఒకటీ నాది ఒకటీ, అయినా ఇద్దరం తేలిగ్గా మాట్లాడుకున్నాం. అతను బాగున్నాడంది. ఇంటికి పంపడానికి కాగితాలు తయారవుతున్నాయంది. నేను చెబుతుంటే తండ్రి కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాడు. అప్పుడామె సంతోషంగా, నాకు బహుమతి ఇస్తున్నట్టుగా అంది. "వాళ్లమ్మకు చెప్పు. ఇప్పుడు తనే తింటున్నాడు. ఎడంచేత్తో చక్కగా తింటున్నాడు."

పాపం, ఆమెకేం తెలుసు. అక్కడ ఎడంచెయ్యంటే ఎడంచెయ్యే. మన ఇళ్లలో కుడిచేతి వేళ్లు కదిలినంతకాలం ఎవరైనా ఎడంచేత్తో అన్నం ముడతారా?

తల్లి నా ముఖం చూస్తోంది. చెప్పాను.

ఆమె అర్థం చేసుకోవడానికి క్షణం కూడా పట్టలేదు. ఒడిలో ఉన్న తన కుడిచేతిని చూసుకుంది. తండ్రి "అయ్యో" అని ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది.

"తిననీ" అంది. "ఇంటికి వచ్చినాంక కూడా ఎడం చేత్తోనే తింటాడు. సంగటి తుంచడం నేను నేర్పిస్తా. ఈ ఇంట్లో గాని, ఈ వీధిలో గాని, ఎవురన్నా వాణ్ణి ఎడంచెయ్యి అన్నారంటే నేను ఊరుకోను." మొగుడి వైపు తిరిగింది. "నువ్వు ముందు మీ అమ్మకు చెప్పిపెట్టు, ఆయమ్మే మొదట అంటాది."

అటువైపు ఫోనులో ఇంటర్‌ప్రెటర్ ఇంకా ఎదురుచూస్తోంది. మా తెలుగు మాటలేవీ ఆమెకు అర్థం కాలేదు.

"వాళ్లమ్మ ఏమంటోంది?" అని అడిగింది.